రోగి గదిలో ఏసీ: ఫిల్టర్ ఎలా కడగాలి? కిటికీ ఎందుకు తెరవాలి?



రోగిని డిశ్చార్జి చేసే రోజున మీలో చాలామంది మమ్మల్ని ఒక మాట అడుగుతుంటారు. "ఇంట్లో ఏసీ ఉంది, ఆ గదిలో పడుకోబెట్టవచ్చా?" ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రాయి వేసిన మిద్దెలు రాత్రి పొద్దుపోయే వరకు వేడి కక్కుతూనే ఉంటాయి. ఇలాంటి కాలంలో ముసలివారికి, గుండె జబ్బు ఉన్నవారికి, మంచం మీదే ఉన్నవారికి చల్లని గది మేలే చేస్తుంది. కాబట్టి చాలామంది రోగులను ఏసీ గదిలో పడుకోబెట్టవచ్చు. క్షయ రోగి సంగతి మాత్రం వేరు. దాని గురించి ముందు వివరంగా చెబుతాము.

అయితే ఏసీ పెట్టినంత మాత్రాన గదిలో గాలి శుభ్రమైపోదు. మీరు చేయవలసిన పనులు రెండు ఉన్నాయి. ఒకటి, ఏసీ ఫిల్టర్‌ను వేళకు కడగడం. రెండవది, రోజూ కిటికీ తెరవడం. మొదటిది చాలామంది వాయిదా వేస్తారు. రెండవది పూర్తిగా మరచిపోతారు.

ఏసీ లోపల జరిగేది ఏమిటి?

ఏసీ బయటి నుండి కొత్త గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే పై నుండి పీల్చుకుంటుంది. ఆ గాలి ఫిల్టర్ గుండా పోయి, చల్లటి రాగి గొట్టాలకు, అల్యూమినియం రేకులకు తగిలి, చల్లబడి మళ్లీ గదిలోకే వస్తుంది. బయట ఉన్న పెట్టె గదిలోని వేడిని బయట వదులుతుంది, అంతే. కొన్ని విండో ఏసీలకు బయటి గాలి కొద్దిగా వచ్చే చిన్న తలుపు ఉంటుంది, కాని అది చాలదు.

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిని ఊహించుకోండి. ఒక టన్ను ఏసీ ఫ్యాను గట్టిగా తిరిగితే ఆ గదిలోని గాలి అంత సుమారు మూడు, నాలుగు నిమిషాలకు ఒకసారి ఫిల్టర్ గుండా పోతుంది. రోగి వదిలిన ఊపిరి, పక్కబట్టల దుమ్ము, తల వెంట్రుకలు, బయటి నుండి వచ్చిన మట్టి, అన్నీ ఆ దారినే తిరుగుతుంటాయి. ఫిల్టర్ అంటే ప్లాస్టిక్ చట్రానికి బిగించిన సన్నని జాలీ. పిండి జల్లెడ లాంటిదే. కంటికి కనిపించే దుమ్మును అది ఆపుతుంది.

మన ప్రాంతంలో దుమ్ము ఎందుకు ఎక్కువ?

పెద్ద నగరంలో ఏసీ కొన్నవారికి చెప్పిన లెక్క మనకు సరిపోదు. ఆదోని పత్తికి పేరుపడిన ఊరు. అక్టోబరు, నవంబరు నెలలు వచ్చేసరికి మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు వరుస కడతాయి. జిన్నింగ్ మిల్లుల్లో గింజ వేరు చేసేటప్పుడు లేచే దూది నూగు గాలిలో తేలుతూ వీధుల్లోకి వస్తుంది. మాచాని సోమప్ప గారి కాలం నుండి చేనేతకు పేరు పొందిన ఎమ్మిగనూరులో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. అందుకే నూలు పోగుల నుండి రాలే నూగు కూడా ఇంట్లోనే ఉంటుంది. దీనికి తోడు నల్లరేగడి మట్టి. ఆషాఢ మాసపు గాలికి ఆ మట్టి లేచి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది.

మట్టి ఒక్కటే అయితే ఫిల్టర్‌లో కొంత నిలిచి కొంత రాలిపోతుంది. దూది నూగు అలా కాదు. జాలీ మీద అల్లుకొని కంబళిలా పరుచుకుంటుంది. దాని మీద మట్టి పడితే గాలికి దారే ఉండదు.

పత్తికి, ఏసీకి పాత సంబంధం ఉంది. 1902లో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కర్మాగారం కోసం గాలిలోని తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించారు. 1906లో స్టువార్ట్ క్రేమర్ అనే బట్టల మిల్లుల ఇంజనీరు, నూలు తెగకుండా మిల్లులోని గాలికి తేమ చేర్చే పద్ధతికి "ఎయిర్ కండిషనింగ్" అనే పేరు పెట్టారు. గాలి ఎండితే పోగు తెగుతుందని మన నేతగాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. నూలు కోసం పుట్టిన పేరు ఈనాడు మన పడకగదుల దాకా వచ్చింది.

పత్తి దుమ్ము ఊపిరితిత్తులకు చేసే కీడు కూడా వైద్యులకు ఏనాటి నుండో తెలుసు. దానిని బిసినోసిస్ అంటారు. మిల్లులో పనిచేసేవారికి సెలవు తర్వాత పనికి వెళ్లిన మొదటి రోజున ఛాతీ బిగపట్టినట్లు ఉండి, దగ్గు, ఆయాసం వస్తాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మీ ఇంట్లో జిన్నింగ్ మిల్లుకు వెళ్లేవారు ఉంటే వారు పని బట్టలను బయటే విడిచి, కాళ్లు చేతులు కడుక్కొని రోగి గదిలోకి రావాలి. ఆ బట్టలను ఏసీ గదిలో దులపవద్దు, తగిలించవద్దు.

ఫిల్టర్ మూసుకుపోతే ఏమవుతుంది?

గాలి దారి తగ్గితే గది చల్లబడదు. అప్పుడు మనం రిమోట్ తీసుకొని 18కి తగ్గిస్తాము. చల్లటి రేకుల మీదుగా సరిపడా గాలి పోకపోవడం వల్ల వాటి మీద మంచు పేరుకోవచ్చు. ఆ మంచు కరిగి నీళ్లు గోడ మీదికి, కొన్నిసార్లు రోగి పక్క మీదికి కారతాయి. కరెంటు ఖర్చు కూడా పెరుగుతుంది. మురికి ఫిల్టర్‌కు బదులు శుభ్రమైనది పెడితే ఏసీ వాడే కరెంటు 5 నుండి 15 శాతం వరకు తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

రోగికి జరిగే నష్టం ఇంతకంటే ముఖ్యం. ఫిల్టర్ నిండిపోయాక దుమ్ము పక్క సందుల్లోంచి లోపలికి పోయి తడి రేకులకు అంటుకుంటుంది. తడి, దుమ్ము, చీకటి కలిసిన చోట బూజు పడుతుంది. ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన వస్తే అది బూజు పట్టిన గుర్తు. ఉబ్బసం ఉన్నవారికి ఆ గాలి తగిలితే తుమ్ములు, దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. ఇన్‌హేలర్ వాడుతున్నా ఆయాసం తగ్గడం లేదని మా దగ్గరకు వచ్చేవారిని గదిలో ఏసీ గాని, కూలర్ గాని ఉందా, దానిని ఎప్పుడు కడిగారు అని అడుగుతాము. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండాలి.

ఫిల్టర్ కడిగే పద్ధతి

కడగడానికి పది, పదిహేను నిమిషాలు చాలు. మిగిలినదంతా ఆరే సమయం. కావలసినవి గట్టి స్టూలు, తడి గుడ్డ, పాత పళ్లు తోమే బ్రష్షు, గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా, ముక్కుకు మాస్కు.

1. ముందుగా రోగిని వేరే గదికి మార్చండి. ఈ పనిలో లేచే దుమ్మే వారికి ఎక్కువ హాని. మంచి నీళ్లు, మాత్రలు, నెబులైజర్ మాస్కు కూడా బయట పెట్టండి లేదా మూతపెట్టండి.

2. రిమోట్‌తో ఏసీ ఆపండి. ఫ్యాను నిలిచి, రెక్క మూసుకున్నాక గోడ స్విచ్ కూడా ఆపండి. రిమోట్‌తో ఆపితే సరిపోదు. లోపల కరెంటు ఉంటుంది.

3. స్టూలు మీద ఎక్కేవారు ఇంట్లోని వయసువారై ఉండాలి. మరొకరు స్టూలు పట్టుకోవాలి. అవ్వలు, తాతలు ఎక్కవద్దు. ఫిల్టర్ కోసం ఎక్కి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

4. స్ప్లిట్ ఏసీ ముందు మూతను రెండు వైపులా పట్టుకొని నెమ్మదిగా పైకి ఎత్తండి. టక్కుమని నిలుస్తుంది. లోపల సాధారణంగా రెండు ఫిల్టర్లు ఉంటాయి. ఒక్కొక్కదానిని కొద్దిగా పైకి లేపి కిందికి లాగితే వస్తుంది. విండో ఏసీకి ముందు జాలీ వెనుక పక్కకు గాని, పైకి గాని లాగే ఫిల్టర్ ఉంటుంది. బలవంతంగా లాగితే చట్రం విరుగుతుంది.

5. గదిలో దులపవద్దు. తీసిన వెంటనే తడి గుడ్డలో చుట్టి పెరట్లోకి తీసుకెళ్లండి. తడి తగిలితే నూగు ఎగరదు.

6. దుమ్ము పట్టిన వైపు కింద ఉండేలా పట్టుకొని, వెనుక వైపు నుండి కుళాయి నీళ్లు పోయండి. నూగు వచ్చిన దారినే బయటికి రాలిపోతుంది. దుమ్ము వైపు నుండి పోస్తే అది జాలీ కళ్లల్లో ఇరుక్కుంటుంది. జిడ్డు ఉంటే సబ్బు కలిపిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తగా బ్రష్షుతో తోమి, సబ్బు పోయే వరకు కడగండి. మరిగే నీళ్లు, బ్లీచింగ్, యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్ వాడవద్దు. జాలీ పాడవుతుంది. వాటి ఘాటు రోగి ముక్కులోకి పోతుంది.

7. నీళ్లు విదిలించి నీడలో ఆరబెట్టండి. మే నెల ఎండలో పెడితే చట్రం వంకర పోతుంది. పొయ్యి దగ్గర పెట్టవద్దు. పూర్తిగా ఆరాకే బిగించాలి. తడిగా బిగిస్తే బూజుకు మనమే పిలుపు పంపినట్లు.

8. ఆరేలోపు మూతను, గాలి వచ్చే రెక్కను తడి గుడ్డతో తుడవండి. లోపలి అల్యూమినియం రేకులను చేతితో ముట్టుకోవద్దు. అవి బ్లేడులా కోస్తాయి, తేలికగా వంగిపోతాయి. లోపల నీళ్లు చల్లవద్దు.

9. ఫిల్టర్లు బిగించి మూత వేయండి. కిటికీలు తెరచి పదిహేను నిమిషాలు ఫ్యాను మాత్రమే నడపండి. నేలను తడి గుడ్డతో తుడిచిన తర్వాత రోగిని లోపలికి తీసుకురండి.

10. కడిగిన తేదీని క్యాలెండరు మీద రాయండి.

కొన్ని ఏసీలలో పెద్ద జాలీతో పాటు నల్లగా గాని, రంగుగా గాని చిన్న ఫిల్టర్ ముక్కలు ఉంటాయి. వాటిలో కొన్నింటిని కడగకూడదు. ఏసీతో వచ్చిన పుస్తకం చూసి చేయండి. ఫిల్టర్ లేకుండా ఒక్క గంట కూడా ఏసీ నడపవద్దు.

ఎన్ని రోజులకు ఒకసారి?

ఏసీ రోజూ నడుస్తుంటే రెండు వారాలకు ఒకసారి కడగండి. పత్తి వచ్చే కాలంలో, గాలి దుమారం రోజుల్లో వారానికి ఒకసారి తీసి చూడండి. ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుతురు మసకగా కనిపిస్తే కడగవలసిన వేళ వచ్చినట్లే.

బూజు వాసన పోకపోయినా, నీళ్లు కారుతున్నా, మంచు కడుతున్నా అది ఇంటి పని కాదు, మెకానిక్‌ను పిలవాలి. వేసవికి ముందు ఒకసారి లోపలి రేకులను, నీళ్లు పోయే పైపును కడిగించడం మంచిది. ఆ సమయంలో కూడా రోగి ఆ గదిలో ఉండకూడదు.

ఫిల్టర్ చేయలేని పని

ఇది జాగ్రత్తగా చదవండి. ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా క్రిములను ఆపలేదు. క్షయ రోగి దగ్గినప్పుడు గాలిలో తేలే తుంపరల కణాలు ఒకటి నుండి ఐదు మైక్రాన్లు మాత్రమే ఉంటాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఏసీ జాలీ కళ్లు ఆ కణాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. పిండి జల్లెడతో పొగను పట్టలేము కదా! మూసిన ఏసీ గదిలో ఒకరు దగ్గితే అదే గాలి గదిలోని అందరి ఊపిరిలోకి తిరిగి తిరిగి పోతుంది. తల్లికి క్షయ ఉండి, పిల్లలు చల్లగా ఉందని ఆమె గదిలోనే పడుకుంటే పిల్లలకు ప్రమాదం.

దీనికి విరుగుడు ఖరీదైన యంత్రం కాదు, తెరచిన కిటికీ. పెరూ దేశపు లిమా నగరంలో ఎనిమిది ఆసుపత్రుల్లోని 70 గదులను పరిశీలించి 2007లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. కిటికీలు, తలుపులు పూర్తిగా తెరచినప్పుడు గంటకు 28 సార్లు గాలి మారింది. యంత్రాలతో గాలి మార్చే గదుల్లో అది 12 సార్లే. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు గదులు కొత్త గదుల కంటే మెరుగ్గా ఉన్నాయి. మన పెద్దలు మిద్దెకు గవాచి పెట్టింది వెలుతురుకు మాత్రమే కాదు. ఏసీ పెట్టేటప్పుడు దానిని సిమెంటుతో మూయించకండి.

కాబట్టి:

- క్షయ రోగి ఏసీ గదిలో ఉండకూడదు. చికిత్స మొదలైన తొలి వారాల్లో ఇది మరీ ముఖ్యం. కిటికీలు తెరచి, ఫ్యాను గాలి రోగి మీదుగా కిటికీ వైపు పోయేటట్లు పెట్టండి. మందులు డాక్టరు చెప్పినన్ని నెలలు పూర్తిగా వాడించండి.
- ఇతర రోగుల గదిలో కూడా రోజూ ఉదయం, సాయంత్రం ఏసీ ఆపి పావుగంట, అరగంట కిటికీలు తెరవండి. ఉబ్బసం ఉన్నవారి ఇంట్లో అయితే వీధి ఊడ్వక ముందే, బండ్లు తిరగక ముందే తెల్లవారుజామున తెరిస్తే దుమ్ము తక్కువ.
- మూసిన ఏసీ గదిలో బీడీ, సిగరెట్టు, సాంబ్రాణి, దోమల చుట్ట వద్దు. పొగను కూడా ఫిల్టర్ ఆపలేదు.

కూలర్ ఉన్న ఇళ్లకు

మన వైపు ఏసీ కంటే కూలర్ ఉన్న ఇళ్లే ఎక్కువ. కూలర్ బయటి గాలిని లోపలికి తెస్తుంది. అందుకే దానిని కిటికీ దగ్గర పెట్టి, ఎదుటి కిటికీ గాని, తలుపు గాని తెరచి ఉంచాలి. మూస్తే గది ఉక్కపోస్తుంది. తొట్టిలోని నీళ్లను వారానికి ఒకసారి పూర్తిగా పారబోసి, గోడలను పీచుతో రుద్ది, ఎండబెట్టి మళ్లీ నింపండి. డెంగీ దోమ గుడ్డు నుండి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు తొట్టి గోడలకు అంటుకొని ఉంటాయి కనుక రుద్దడం తప్పనిసరి. గడ్డి ప్యాడ్లు నల్లబడి వాసన వస్తే మార్చండి. నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకండి. తడి కాళ్లతో ఇనుప కూలర్‌ను ముట్టుకొని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంటే దానికీ బయట ఒక స్పాంజి ఫిల్టర్ ఉంటుంది. వారానికి ఒకసారి సబ్బు నీళ్లతో కడిగి, బాగా పిండి ఆరబెట్టాలి. అది ఆరే వరకు రెండవ ఫిల్టర్ పెట్టండి. ఫిల్టర్ కోసం రోగికి ఆక్సిజన్ ఆపవద్దు. ఎలా మార్చాలో తెలియకపోతే నర్సమ్మను అడగండి.

మీరు అడిగే ప్రశ్నలు

ఏసీ గాలికి న్యుమోనియా వస్తుందా?
చల్లదనం వల్ల న్యుమోనియా రాదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశం జరిగిన తర్వాత చాలామందికి తీవ్రమైన న్యుమోనియా వచ్చి 34 మంది చనిపోయారు. దానికి కారణమైన లెజియోనెల్లా అనే క్రిమిని 1977లో కనుగొన్నారు. అది నీళ్లలో పెరిగే క్రిమి. పెద్ద భవనాల ఏసీలకు నీళ్లు వాడే కూలింగ్ టవర్లు ఉంటాయి, వాటిలో అది పెరగవచ్చు. ఇంటి స్ప్లిట్ ఏసీకి అటువంటి టవర్ లేదు. కాని బూజు, దుమ్ము చేసే హాని మాత్రం ఇంటి ఏసీకీ ఉంది.

ఎన్ని డిగ్రీల మీద పెట్టాలి?
24 నుండి 26 మధ్య పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. 2020 జనవరి 1 నుండి మన దేశంలో స్టార్ గుర్తుతో అమ్మే గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల వద్దే మొదలవ్వాలని నిబంధన ఉంది. గాలి నేరుగా రోగి ముఖానికి తగలకుండా రెక్కను పైకి తిప్పండి.

మా ఏసీ కొత్తది. ఇప్పుడే కడగాలా?
దుమ్ముకు కొత్త, పాత తేడా లేదు. కొన్న రెండు వారాలకే ఫిల్టర్ తీసి చూడండి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

ఫిల్టర్ కడిగాము కదా అని ఈ లక్షణాలను నిర్లక్ష్యం చేయవద్దు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, ఊపిరి తీసేటప్పుడు పసిబిడ్డ డొక్కలు లోపలికి పోవడం, ఇన్‌హేలర్ వాడినా తగ్గని పిల్లికూతలు, దగ్గులో రక్తం. వీటిలో ఏది కనిపించినా వెంటనే రండి లేదా 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష, క్షయ మందులు ఉచితం.

గోడకు అంటించుకోండి

- రెండు వారాలకు ఒకసారి ఫిల్టర్ కడుగు. పత్తి కాలంలో వారం వారం చూడు.
- ముందు రోగిని బయటికి పంపు. తర్వాత స్విచ్ ఆపు.
- వెనుక వైపు నుండి నీళ్లు పోయి. నీడలో ఆరబెట్టు.
- రోజుకు రెండుసార్లు కిటికీ తెరువు.
- కూలర్ తొట్టిని వారానికి ఒకసారి ఎండబెట్టు.

రోగికి సేవ అంటే మాత్రలు వేయడం, అన్నం తినిపించడం మాత్రమే కాదు. వారు పీల్చే గాలిని శుభ్రంగా ఉంచడం కూడా సేవే. దానికి డబ్బు అక్కరలేదు, కొంచెం ఓపిక ఉంటే చాలు. మనిషికి ఊపిరినిచ్చిన దేవుడు మీ ఇంటివారందరికీ మంచి ఆరోగ్యాన్ని, వారిని చూసుకునే మీ చేతులకు బలాన్ని అనుగ్రహించును గాక.